అపార్ట్‌మెంట్ ట్యాంకు నుంచి దిగే నీళ్ళతో కరెంటు తీయొచ్చా?

#1 · కుకట్‌పల్లి_కుళాయి
ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 20 ఫ్లాట్లు. టెర్రస్ మీద ట్యాంకు అడుగు నేల నుంచి 18 మీటర్ల ఎత్తులో ఉంది. రోజు వాడకం దాదాపు 20,000 లీటర్లు. డౌన్ పైపులో చిన్న టర్బైన్ బిగిస్తే కారిడార్ లైట్లకైనా సరిపోదా? నీళ్ళు ఎలాగూ కిందికి దిగుతున్నాయి, ఆ బలం ఊరికే పోతోంది కదా. యూట్యూబులో ఒకాయన 1 హెచ్‌పీ పంపుతో నీళ్ళు ఎక్కించి, ఆ నీళ్ళతో టర్బైన్ తిప్పి, వచ్చిన కరెంటుతో మళ్ళీ అదే పంపు నడుపుతున్నాడు. కమిటీ మీటింగు ఆదివారం. లెక్క తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

#2 · పెన్‌స్టాక్
లెక్క ఒక్క లైనే.

వాట్లు = 9.81 × సెకనుకు లీటర్లు × మీటర్ల ఎత్తు × సామర్థ్యం

మీ 20,000 లీటర్లూ పూర్తి 18 మీటర్లు దిగాయనుకున్నా మొత్తం శక్తి 0.98 యూనిట్. అయితే అన్ని కుళాయిలూ గ్రౌండ్ ఫ్లోరులో లేవు. అయిదో అంతస్తు నీళ్ళు మూడు మీటర్లు దిగి ఆగిపోతాయి. సగటు 9 మీటర్లు వేసుకోండి, 0.49 యూనిట్. ఇంత చిన్న టర్బైన్, జనరేటర్ కలిపి సగం ఇస్తే గొప్ప. చివరికి చేతికొచ్చేది రోజుకు పావు యూనిట్. యూనిట్ 8 రూపాయలనుకున్నా 2 రూపాయలు.

అదీ ఊరికే రాదు. టర్బైన్ ఎంత ప్రెషర్ తింటే కుళాయిలో అంత తగ్గుతుంది. పై అంతస్తులవాళ్ళ షవర్లు సన్నబడతాయి, గీజర్ నిండటానికి టైము పడుతుంది. ఆదివారం మీటింగులో ఆ మాట ముందే చెప్పేయండి.

#3 · ఓల్టు_మీటరు
ఇలాంటి ప్రశ్నలకు నేను గుర్తుపెట్టుకునే అంకె 367. 1,000 లీటర్ల నీళ్ళు 367 మీటర్లు దిగితే 1 యూనిట్, అదీ నష్టం ఏమీ లేకపోతే. నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు 124 మీటర్లు. అలాంటివి మూడు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, పైనుంచి ఒక సింటెక్సు ట్యాంకు నీళ్ళు వదిలితే ఒక యూనిట్ అన్నమాట. నీటి శక్తి గొప్పదే, కాని అది టన్నుల లెక్కన ఉంటేనే.

యూట్యూబు వీడియో సంగతి: పంపు 50 శాతం, టర్బైన్ 60, జనరేటర్ 75. గుణించండి: 0.5 × 0.6 × 0.75 = 0.225. యూనిట్ పెడితే పావు కూడా వెనక్కి రాదు. వీడియోలో స్టాండు కాలి వెనకాల ఎక్కడో వైరు ఉంటుంది, పాజ్ చేసి చూడండి.

#4 · చెక్‌డ్యాం_99
మరి వాన నీళ్ళు? అవి మనం ఎక్కించినవి కావు కదా.

#5 · ఓల్టు_మీటరు
హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన. 300 చదరపు మీటర్ల టెర్రస్ మీద 2,40,000 లీటర్లు. 18 మీటర్లు దిగితే 11.8 యూనిట్లు. ఏడాది మొత్తానికండి! సగం నష్టం తీసేస్తే 6. ఆ నీళ్ళు ఇంకుడుగుంతలోకి పంపితే బోరు నీటిమట్టం పైకొచ్చి పంపు కరెంటు అంతకంటే ఎక్కువే మిగులుతుంది.

#6 · కుకట్‌పల్లి_కుళాయి
అర్థమైంది, సరే. ఒక్క సందేహం మిగిలింది. ఎక్కించి దించితే నష్టమే అంటున్నారు. మరి శ్రీశైలంలో అదే పని చేస్తున్నారుగా? రాత్రిపూట నీళ్ళు వెనక్కి తోడి మళ్ళీ వదులుతారని చదివాను. వాళ్ళకు లెక్క రాదా?

#7 · సాగర్_కట్ట
మంచి ప్రశ్న. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 6 టర్బైన్లు, ఒక్కొక్కటి 150 మెగావాట్లు, మొత్తం 900. ఆరూ రివర్సిబుల్ ఫ్రాన్సిస్ యంత్రాలు. ఒక దిక్కు తిరిగితే టర్బైన్, ఎదురు తిరిగితే పంపు. కుడిగట్టున ఉన్న 7 × 110 = 770 మెగావాట్లు మామూలువి, వెనక్కి తోడలేవు. నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలో 110 మెగావాట్లది ఒకటి మామూలుది, 100.8 మెగావాట్లవి ఏడు రివర్సిబుల్.

అక్కడా నష్టం ఉంది. నాలుగు యూనిట్లు పెట్టి తోడితే సుమారు మూడు తిరిగొస్తాయి. వాళ్ళు అమ్ముతున్నది యూనిట్‌ను కాదు, టైమును. మధ్యాహ్నం సోలార్ కరెంటు గ్రిడ్‌లో మిగిలిపోయే వేళ తోడతారు, సాయంత్రం ఏడింటికి అందరూ స్విచ్చులు వేసే వేళ వదులుతారు. మిగులు కరెంటుకు, పీక్ కరెంటుకు ఉన్న ధర తేడా ఆ పావు వంతు నష్టాన్ని మోస్తుంది. మీ అపార్ట్‌మెంటులో మధ్యాహ్నం యూనిట్‌కూ సాయంత్రం యూనిట్‌కూ ఒకటే బిల్లు, అందుకని అక్కడి లెక్క మీకు అతకదు.

ఇంకో షరతు ఉంది. తోడాలంటే కింద నీళ్ళుండాలి. శ్రీశైలానికి కింది జలాశయం అంటే సాగర్ వెనుక జలాలే. అవి దిగిపోతే యంత్రాలు సిద్ధంగా ఉన్నా తోడేందుకు ఏమీ ఉండదు.

#8 · చెక్‌డ్యాం_99
గచ్చిబౌలి వైపు 40 అంతస్తుల టవర్లలో మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వులు పెడతారు. అక్కడ పోయే ప్రెషర్ ఎవరికీ అక్కర్లేనిదే కదా. వాల్వు బదులు టర్బైన్ పెడితే?

#9 · పెన్‌స్టాక్
ఆలోచన సరైనదే. లెక్క చూద్దాం. 200 ఫ్లాట్లు, రోజుకు 1,20,000 లీటర్లు, సగటున 60 మీటర్ల ప్రెషర్ వాల్వుల్లో చంపేస్తున్నారనుకోండి. 19.6 యూనిట్లు. సగం చేతికొస్తే రోజుకు 10. చిక్కేమిటంటే నీళ్ళు పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు దూకుతాయి, మిగతా రోజంతా కుళాయి కుళాయికీ తుంపులుగా. టర్బైన్‌కు నిలకడైన ప్రవాహం కావాలి. పైగా టర్బైన్ ఆగినా నీళ్ళు ఆగకూడదు కాబట్టి పక్కన వాల్వు ఎలాగూ ఉంచాల్సిందే.

అసలు దండగ ఇంకోచోట ఉంది. పదో అంతస్తు నీళ్ళను నలభయ్యో అంతస్తు దాకా ఎక్కించి, కిందికి వదిలి, వాల్వుతో నొక్కడం. కింది జోనుకు వేరే పంపు పెడితే ఆ 19.6 యూనిట్లతో పాటు వాటిని ఎక్కించిన పంపు నష్టం కూడా మిగులుతుంది.

#10 · వాగొడ్డు
ట్యాంకు సంగతి తేలింది కాబట్టి నిజమైన నీళ్ళ గురించి అడుగుతాను. పాడేరు ఏజెన్సీలో బంధువుల కాఫీ తోట. పక్కన గెడ్డ (కొండవాగు) ఉంది, మే నెలలో కూడా పారుతుంది. లైన్ కరెంటు ఉంది గాని గాలివాన వస్తే రోజుల తరబడి రాదు. పైన గెడ్డ మలుపు నుంచి కింద షెడ్డు దగ్గరికి పైపు వేస్తే 180 మీటర్లు పడుతుంది. ఎత్తు ఎంతో తెలియదు, చాలానే ఉంటుంది. లైట్లు, ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, కాఫీ పండ్ల తొక్క తీసే పల్పర్‌కు 1 హెచ్‌పీ మోటారు. సామాను ఇక్కడ రాణీగంజ్‌లో కొని తీసుకెళ్ళాలని ఆలోచన. ఏ టర్బైన్ కొనాలి?

#11 · పెన్‌స్టాక్
టర్బైన్ మాట చివర్లో. ముందు రెండు కొలతలు తీసి ఇక్కడ పెట్టండి. "చాలానే" అనేది కొలత కాదు.

ఎత్తుకు: సన్నటి ప్లాస్టిక్ పైపు పైనుంచి కిందిదాకా పరిచి, నీళ్ళు నింపి, లోపల గాలి బుడగ లేకుండా చూసి, కింది చివర ప్రెషర్ గేజ్ బిగించండి. 1 కిలో/చ.సెం.మీ. అంటే 10 మీటర్లు. గేజ్ 0 నుంచి 6 వరకు ఉన్నది తీసుకోండి, 0–25 గేజ్‌లో చిన్న తేడా కనిపించదు. నమ్మకం లేకపోతే మేస్త్రీల లెవెల్ ట్యూబుతో మెట్లు మెట్లుగా దిగుతూ కూడితే సరి.

ప్రవాహానికి: బకెట్టులో పట్టేంత చిన్నదైతే 20 లీటర్ల బకెట్టు, స్టాప్‌వాచ్. అంతకంటే పెద్దదైతే వి-నాచ్. ప్లైవుడ్ పలకలో సరిగ్గా 90 డిగ్రీల గాటు కోసి, గెడ్డకు అడ్డంగా నిలబెట్టి, పక్కల నుంచి, అడుగు నుంచి కారకుండా బంకమన్నుతో కూరండి. గాటు మొన మట్టం నుంచి నీటిమట్టం ఎంత పైనుందో కొలవాలి. గాటు దగ్గరే కొలవకండి, అక్కడ నీళ్ళు కిందికి వంగుతాయి. ఆ లోతుకు కనీసం నాలుగు రెట్ల దూరం ఎగువన ఒక కర్ర పాతి దాని మీద చూడండి.

10 సెం.మీ. ఉంటే 4.4 లీటర్లు/సెకను
15 సెం.మీ. అయితే 12
20 సెం.మీ. అయితే 24.7

లోతు రెట్టింపైతే నీళ్ళు అయిదున్నర రెట్లు దాటుతాయి, అందుకే అర సెంటీమీటరు కూడా జాగ్రత్తగా చూడాలి. కొలత ఏప్రిల్–మేలో తీయాలి. ఆగస్టులో తీసిన కొలతతో కొన్న టర్బైన్ వేసవిలో బొమ్మలా కూర్చుంటుంది.

#12 · వాగొడ్డు
మే రెండో వారం కొలత: నాచ్ దగ్గర 17 సెం.మీ. గేజ్ 3.0 చూపించింది.

#13 · పెన్‌స్టాక్
17 సెం.మీ. అంటే 16.4 లీటర్లు/సెకను. అంతా లాగేయకూడదు. దిగువన పశువులు, చేపలు, పొలాలు ఉంటాయి. 12 తీసుకుని 4.4 గెడ్డలోనే వదిలేయండి. ఎత్తు 30 మీటర్లు.

ఇప్పుడు పైపు. 12 లీటర్లు, 180 మీటర్ల పొడవుకు రాపిడిలో పోయే ఎత్తు ఇదీ:

90 మి.మీ. పీవీసీ: సుమారు 9 మీటర్లు
110 మి.మీ.: 3.4 మీటర్లు
140 మి.మీ.: 1 మీటరు

90 వేస్తే మీ గెడ్డలో మూడో వంతు కరెంటు పైపు గోడలకే. 140 వేసినందుకు 110 మీద మిగిలేది 2.4 మీటర్లే. 110 మి.మీ., 6 కిలోల ఒత్తిడి తట్టుకునే పైపు సరిపోతుంది. నికర ఎత్తు 26.6 మీటర్లు. నీటి శక్తి 9.81 × 12 × 26.6 = 3,130 వాట్లు. టర్బైన్ 62 శాతం, జనరేటర్ 78 శాతం అనుకుంటే 1.5 కిలోవాట్.

1.5 అని నిరుత్సాహపడకండి. ఇది 24 గంటలూ వస్తుంది, రోజుకు 36 యూనిట్లు. సోలార్‌లో కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు వేసుకుంటే 9 కిలోవాట్ల పలకలతో సమానం.

#14 · చెక్‌డ్యాం_99
పైపు చివర సన్నగా చేస్తే ప్రెషర్ పెరిగి ఇంకా ఎక్కువ వస్తుంది కదా?

#15 · పెన్‌స్టాక్
రాదు. నాజిల్ ప్రెషర్‌ను వేగంగా మారుస్తుంది, అంతే. 26.6 మీటర్లకు నీటిధార గరిష్ఠంగా సెకనుకు 22.8 మీటర్ల వేగంతో వస్తుంది. నాజిల్ ఇంకా సన్నం చేస్తే పైపు రాపిడి తగ్గి వేగం కాస్త పెరుగుతుంది గాని, పూర్తి 30 మీటర్లకు వచ్చే 24.3 దాటదు, నీళ్ళ పరిమాణం మాత్రం తగ్గిపోతుంది.

#16 · రాణీగంజ్_రెంచి
వాగొడ్డు అన్నా, పెల్టన్, క్రాస్‌ఫ్లో టర్బైన్లని తిరగకు. 30 మీటర్ల హెడ్డుకు (నీళ్ళు దిగే ఎత్తుకు) పెల్టన్ పెడితే చక్రం పెద్దగయితది, మెల్లగ తిరుగుతది, మల్ల బెల్టు, పుల్లీ కావాలె. క్రాస్‌ఫ్లో మంచిదే, బాలానగర్ల షీటు కోసి వెల్డింగ్ చేపిస్తె అయితది గని బ్లేడ్ల కోణం జర తప్పినా సగం పోతది. నీ కొలతకు సెంట్రిఫ్యూగల్ పంపునే ఎదురు తిప్పు. డెలివరీలకెళ్ళి నీళ్ళు లోపలికి, సక్షన్‌లకెళ్ళి బయటికి. పైన సాగర్_కట్ట అన్న శ్రీశైలం ముచ్చట చెప్పిండు చూడు, గదే పని చిన్నగ.

గని ప్రతి పంపు పనికిరాదు. టుల్లు పంపు అసలే వద్దు. దాంట్ల ఇంపెల్లర్ అంచుకు సన్న పండ్లుంటయ్, ఎదురు నీళ్ళు కొడితె కరెంటు పెద్దగ రాదు. సెల్ఫ్ ప్రైమింగ్ మోనోబ్లాక్‌ల లోపల రబ్బరు ఫ్లాప్ ఉంటది, అది ఎదురు నీళ్ళను ఆపుతది. సింగిల్ ఫేజ్ మోటారు తీస్కోకు. పైపుల ఫుట్ వాల్వు, నాన్ రిటర్న్ వాల్వు ఏదున్నా తీసి పక్కన పెట్టు. చానమంది గిది మర్చిపోయి నీళ్ళు ఎందుకొస్తలేవని పైపంతా విప్పుకుంటరు.

సీలు సంగతి ముఖ్యం. మెకానికల్ సీలుల ఒకటే పెద్ద స్ప్రింగు శంకు లెక్క ఉంటె అది ఒక దిక్కే తిరగాలె. ఎదురు తిప్పితె స్ప్రింగు విప్పుకుంటది, నెలల కారుడు మొదలైతది. చిన్న చిన్న స్ప్రింగులు చుట్టూ ఉన్న సీలు అడుగు, లేకుంటె గ్లాండ్ ప్యాకింగ్ పంపు తీస్కో. ఇంపెల్లర్ నట్టుకు లాక్ వాషర్ ఉన్నదా లేదా చూస్కో.

#17 · పెన్‌స్టాక్
రెంచి గారి మాటకు అంకెలు కలుపుతాను. పంపుగా 12 లీటర్లు, 26.6 మీటర్లు ఇచ్చే పంపు కొంటే అది టర్బైన్‌గా సరిపోదు. టర్బైన్‌గా నడవాలంటే అదే పంపుకు ఎక్కువ నీళ్ళు, ఎక్కువ ఎత్తు కావాలి. అంటే మనం చిన్న పంపు కొనాలి. పంపు సామర్థ్యం 65 శాతమైతే ప్రవాహాన్ని 0.71తో, ఎత్తును 0.6తో గుణించండి: 8.5 లీటర్లు, 16 మీటర్లు. ఇంకో దిద్దుబాటు. మోటారుగా 1,440 చుట్లు తిరిగేది జనరేటర్‌గా 1,560 తిరగాలి. ఆ వేగం తేడా కూడా తీసేస్తే సుమారు 7.9 లీటర్లు, 13.6 మీటర్లు. షాపులో కర్వు (ఎన్ని లీటర్లకు ఎంత ఎత్తు, ఎంత సామర్థ్యమో చూపే గీత) అడిగి, ఆ బిందువు దగ్గరే గరిష్ఠ సామర్థ్యం ఉన్న పంపు ఎంచుకోండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ పంపు 2 హెచ్‌పీ మోటారుతో కలిసి వస్తే చిక్కే. టర్బైన్‌గా షాఫ్టు మీద 1.9 కిలోవాట్ వస్తుంది, ఆ చిన్న మోటారు జనరేటర్‌గా కాలిపోతుంది. అందుకే మోనోబ్లాక్ వద్దు. మోటారు లేని పంపు విడిగా, 3 హెచ్‌పీ, 4 పోల్, త్రీఫేజ్ మోటారు విడిగా కొని, బేస్ ఫ్రేము మీద కప్లింగ్‌తో కలపండి.

ఒప్పుకోవాల్సిన లోపం: పంపుకు గైడ్ వేన్లు (నీటిని సర్ది పంపే రెక్కలు) ఉండవు, నీళ్ళు తగ్గితే సర్దుకోదు. 12 ఉన్నంతసేపు బాగుంటుంది, 9కి వస్తే కరెంటు సగానికంటే కిందికి జారుతుంది. అందుకే మే నెల ప్రవాహానికే లెక్క కట్టాం. వర్షాకాలంలో మిగిలేది గెడ్డదే.

#18 · వాగొడ్డు
పైన నీళ్ళు ఎలా పట్టాలి? గెడ్డలోనే పైపు మూతి పెట్టేస్తే?

#19 · పెన్‌స్టాక్
పెడితే మొదటి వానకే ఇసుకతో, ఆకులతో మూసుకుపోతుంది. గెడ్డలో రాళ్ళు, సిమెంటుతో మోకాలెత్తు అడ్డుకట్ట, పక్కన 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 60 సెం.మీ. నీటి లోతు ఉన్న తొట్టి. 12 లీటర్ల ప్రవాహానికి అందులో నీళ్ళు సెకనుకు 2 సెం.మీ. కదులుతాయి. 0.2 మి.మీ. ఇసుక దాకా అడుగున కూర్చుంటుంది. అడుగు ఒక మూలకు వాలుగా ఉండాలి, ఆ మూలన 75 మి.మీ. పైపు, మూత. వారానికోసారి మూత తీస్తే ఇసుక అదే కొట్టుకుపోతుంది. పొర్లే నీళ్ళకు ఒక పక్క గాడి వదలండి, లేకపోతే తొట్టి గోడ కింద మట్టి కోసుకుపోతుంది.

పైపు మూతి తొట్టి అడుగుకు 15 సెం.మీ. పైన, నీటిమట్టానికి కనీసం 40 సెం.మీ. కింద ఉండాలి. పైకి వస్తే సుడి లేచి గాలి లాగుతుంది. ఆ పట్టు దొరకకపోతే మూతికి వంపు పెట్టి కిందికి తిప్పండి. తొట్టి దాటిన వెంటనే గేట్ వాల్వు, దాని తరవాత 40 మి.మీ. గాలిగొట్టం తొట్టి కంటే ఎత్తుకు నిలబెట్టండి. ఎవరైనా పై వాల్వు మూస్తే పైపులో నీళ్ళు కిందికి జారి లోపల శూన్యం ఏర్పడుతుంది. గాలి రాకపోతే పైపు సోడా స్ట్రాలా నొక్కుకుపోతుంది.

#20 · సాగర్_కట్ట
వాల్వు గురించి గట్టిగా చెప్పాలి. కింద షెడ్డు దగ్గర బాల్ వాల్వు పెట్టకండి. 110 పైపులో నీళ్ళు సెకనుకు 1.44 మీటర్ల వేగంతో వస్తాయి. 180 మీటర్ల పైపులో ఒకటిన్నర టన్నుల నీళ్ళు పరుగెడుతున్నాయన్నమాట. పీవీసీలో ఒత్తిడి అల సెకనుకు సుమారు 375 మీటర్లు పోతుంది, వెళ్ళి రావడానికి 1 సెకను. అంతకంటే త్వరగా వాల్వు మూస్తే 55 మీటర్ల అదనపు ఒత్తిడి. ఉన్న 30తో కలిపి 85, అంటే 8.5 కిలోలు. పైపు 6 కిలోలది. బాల్ వాల్వు పిడి పావు తిప్పుకు అర సెకను చాలు. గేట్ వాల్వు అయితే చక్రం తిప్పి తిప్పి మూయాలి, ఆ ఆలస్యమే మందు. 15–20 సెకన్లు తీసుకోండి.

వంపుల దగ్గర కాంక్రీటు దిమ్మెలు మరవకండి. 3 కిలోల ఒత్తిడికి 45 డిగ్రీల బెండు మీద దాదాపు 218 కిలోల తోపుడు పడుతుంది. సొల్యూషన్ జాయింటు ఒక్కటే దాన్ని చాన్నాళ్ళు ఆపలేదు. పీవీసీని ఎండకు వదలకుండా పూడ్చండి. రాతి నేల, తవ్వలేం అంటే ఆ భాగానికి నల్ల హెచ్‌డీపీఈ. పైపు దారిలో గుర్రపు వీపులా లేచి దిగే చోటు ఉంటే గాలి అక్కడ చిక్కుకుంటుంది, ఒక ఎయిర్ వాల్వు పెట్టండి.

#21 · ఓల్టు_మీటరు
కరెంటు వైపు నాది. 3 హెచ్‌పీ మోటార్లు మన దగ్గర 415 వోల్టుల స్టార్‌లో వస్తాయి (స్టార్, డెల్టా అంటే లోపలి మూడు వైండింగులను కలిపే రెండు తీరులు). టెర్మినల్ బాక్సులో ఆరు తీగలూ బయటికి ఉన్నవి కొనండి. పట్టీలు మార్చి డెల్టా చేస్తే 240 వోల్టులు. దీనికి కెపాసిటర్లు కట్టి తిప్పితే తనకు తానే కరెంటు పుట్టిస్తుంది, బయటి సప్లై అక్కర్లేదు. ఇంటి వాడకానికి సింగిల్ ఫేజ్ కావాలి కాబట్టి సీ–2సీ పద్ధతి: ఒక ఫేజు మీద 36 మైక్రోఫారడ్ల కెపాసిటర్, రెండో ఫేజు మీద 72, మూడో దాని మీద ఏమీ వద్దు. లోడు 36 ఉన్న ఫేజు మీద. ఇలా వాడితే రేటింగులో 80 శాతం దాకా తీయొచ్చు, 2.2 కిలోవాట్లలో 1.76. మనకు 1.5 చాలు. వోల్టేజి తక్కువైతే 2–4 మైక్రోఫారడ్లు కలుపుతూ చూడండి.

కెపాసిటర్లు 440 వోల్టుల మోటార్ రన్ రకం. ట్రూప్ బజారులో అడిగితే స్టార్టింగ్ కెపాసిటర్ చేతిలో పెడతారు, గుండ్రటి నల్ల డబ్బా. అది కొన్ని సెకన్ల పనికి చేసింది, ఇక్కడ నిమిషాల్లో పేలుతుంది.

అతి ముఖ్యం: లోడ్ కంట్రోలర్. పంపు టర్బైన్‌కు నీళ్ళు తగ్గించే ఏర్పాటు లేదు. ఇంట్లో లైట్లు ఆపితే ఆ కరెంటు ఎక్కడికో పోవాలి. కంట్రోలర్ దాన్ని హీటర్లకు మళ్ళిస్తుంది. 1 కిలోవాట్ వాటర్ హీటర్ కాయిల్స్ రెండు, పారే నీళ్ళ తొట్టిలో. తొట్టి ఎండిందా, కాయిల్ తెగుతుంది, లోడు పోతుంది, పంపు ఒకటిన్నర రెట్ల వేగం అందుకుంటుంది, వోల్టేజి ఎగిరి కెపాసిటర్లు, ఇంట్లో బల్బులు కలిపి పోతాయి. ఓవర్ వోల్టేజి ట్రిప్ 265 దగ్గర పెట్టి, ఇంటి లైన్ విడిపోయేలా చేయండి.

షెడ్డు నుంచి ఇంటికి ఎంత దూరం?

#22 · వాగొడ్డు
300 మీటర్లు. 48 వోల్టుల బ్యాటరీ సిస్టమ్ మేలని ఒకరు చెప్పారు.

#23 · ఓల్టు_మీటరు
230 వోల్టుల్లో 1.5 కిలోవాట్ అంటే 6.5 ఆంపియర్లు. 4 చదరపు మి.మీ. రాగి తీగ రానూపోనూ 600 మీటర్లకు దాదాపు 2.8 ఓమ్‌లు, 18 వోల్టులు పోతాయి. భరించొచ్చు. అదే తీగలో 48 వోల్టులు పంపితే 31 ఆంపియర్లు, తీగలోనే 87 వోల్టులు పోవాలి. ఉన్నవే 48. బ్యాటరీ కావాలంటే ఇంటి దగ్గర పెట్టుకోండి, లైనులో మాత్రం 230 పంపండి. రెండు చివర్లా సర్జ్ అరెస్టర్, ఎర్తింగ్. ఆ కొండల్లో పిడుగులు లైను పట్టుకుని వస్తాయి.

పల్పర్ మోటారును నేరుగా వేయకండి. స్టార్టింగులో అది లాగే కరెంటుకు జనరేటర్ వోల్టేజి కూలిపోతుంది. పల్పర్‌కు త్రీఫేజ్ 1 హెచ్‌పీ మోటారు పెట్టి, సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్ డ్రైవ్‌తో మెల్లగా లేపండి. ఫ్రిజ్ ఇన్వర్టర్ రకమైతే బాధ లేదు.

అలా ఒకసారి కూలిందనుకోండి, మోటారు తిరుగుతూనే ఉంటుంది గాని వోల్టేజి సున్నా. లోపలి అయస్కాంతం పోయిందని అర్థం. వాల్వు మూసి, మోటారు ఆగాక, కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసి, 12 వోల్టుల బ్యాటరీ తీగలు ఒక వైండింగుకు రెండు సెకన్లు తాకించి తీయండి. మళ్ళీ లోడు లేకుండా తిప్పండి, లేస్తుంది.

#24 · రాణీగంజ్_రెంచి
పంపు పక్కకు గేజ్ పర్మనెంటుగ పెట్టు అన్నా. రోజూ చూస్కోవాల్సింది గదొక్కటే. వాల్వు బంద్ ఉన్నప్పుడు 3.0, నడిచేటప్పుడు 2.6, 2.7. నడుస్తుండంగ 2కు పడ్డదా, పైన తొట్టిల పైపు మూతికున్న జాలి మూస్కుంది, లేకుంటె పైపుల గాలి. ముల్లు వణుకుతుంటె తొట్టిల నీళ్ళు తక్కువై గాలి గుంజుతున్నది. గేజ్ మంచిగనే ఉండి కరెంటు తక్కువైతె పైకి ఎక్కుడు దండగ, పంపు విప్పు, ఇంపెల్లర్ల ఆకులు, పుల్లలు ఇరుక్కొని ఉంటయ్. జాలి రంధ్రం ఇంపెల్లర్ సందు కంటె చిన్నగ ఉండాలె, 6 మి.మీ. చాలు.

సక్షన్ దిక్కు వచ్చే పైపు చివర కింద నీళ్ళల్ల మునిగి ఉండాలె. పంపు నీటికన్న ఒక మీటరు పైన కూసుంటె గా మీటరు హెడ్డు కూడా దొరుకుతది. గాలిల వదిలేస్తె అది పాయె.

#25 · కుకట్‌పల్లి_కుళాయి
మా ట్యాంకు దగ్గర మొదలై పాడేరు దాకా వెళ్ళింది. కమిటీకి చెప్పడానికి ఇంతకీ మాకేమైనా ఉందా?

#26 · పెన్‌స్టాక్
ఉంది. సంపు నుంచి 20 మీటర్లు ఎక్కించడానికి 20,000 లీటర్లకు దాదాపు రెండున్నర యూనిట్లు. అవే నీళ్ళు 100 మీటర్ల కింద ఉన్న బోరు నుంచి నేరుగా ట్యాంకుకు ఎక్కిస్తే 16 దాకా. మంజీరా నీళ్ళు వచ్చే రోజు సంపు నిండా పట్టి, ఆ రోజు బోరు ఆపండి. ఫ్లోట్ స్విచ్ పని చేస్తోందో లేదో చూడండి. ట్యాంకు పొర్లి పదిహేను నిమిషాలు కారితే మీరు అడిగిన టర్బైన్ రోజంతా ఇచ్చేది అక్కడే పోతుంది.

#27 · వాగొడ్డు
పంపు, మోటారు, కెపాసిటర్ల లిస్టు రాసుకున్నాను. ఆఖరి ప్రశ్న. ఏ ఫేజు మీద 72 పెట్టాలో ముందే తెలిసే దారి ఉందా? రెండు ఫేజులు మిగులుతున్నాయి కదా.

#28 · ఓల్టు_మీటరు
తిరిగే దిక్కును బట్టి ఉంటుంది, చూసి తేల్చుకోవడమే సులువు. ముందు ఒకదాని మీద పెట్టి, 1 కిలోవాట్ హీటర్ లోడు ఇచ్చి, క్లాంప్ మీటరుతో మూడు వైండింగుల కరెంటూ చూడండి. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే అదే సరైనది. ఒకటి మిగతావాటికి రెండింతలు చూపిస్తూ మోటారు బాడీ త్వరగా వేడెక్కితే ఆపి, 72ను రెండో ఫేజుకు మార్చండి. మార్చే ముందు కెపాసిటర్ కాళ్ళు రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయడం మాత్రం మానొద్దు, నీళ్ళు ఆగిన చాలాసేపటికి కూడా అవి కొడతాయి.

#29 · సాగర్_కట్ట
సామాను కొనే ముందు ఇంకొకటి. గెడ్డ నీళ్ళు సర్కారువి, పైపు దారి అడవి హద్దులోంచి పోతుందేమో చూసుకోండి. పంచాయతీ, అటవీ శాఖ మాట ముందు, రాణీగంజ్ తరవాత. ఆంధ్రలో ఇలాంటి చిన్న యూనిట్ల సంగతి రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్) ఆఫీసులో అడగాలి. కొలతల కాగితం, నాచ్ ఫొటో చేతిలో ఉంచుకోండి.

#30 · వాగొడ్డు
జాగా మ్యాపు రేపు తెప్పిస్తున్నాను. హద్దు రాయి పైపు దారికి ఎడమ పక్కనే ఉంది, తొట్టి కట్టే చోటు పది మీటర్లు ఇవతలికి జరపాల్సి వస్తుందేమో. అప్పుడు ఎత్తు మళ్ళీ కొలిచి అంకె ఇక్కడే పెడతాను.

#31 · రాణీగంజ్_రెంచి
ఎత్తు మారితె పంపు కూడా మారుతది అన్నా. గా అంకె వచ్చేదాంక బిల్లు కొట్టియ్యకు.